విపణి స్వేచ్ఛకు నియమమే రక్ష
(రేడియో ప్రసంగ పాఠము)

నలుగురి యెదుట జరుగు బేరమునకును, గుడ్డ చాటున జరుగు బేరమునకును గల భేదము పంట పండించి అమ్ముకొన్న కుటుంబముల పెద్దలకు చక్కగా తెలిసియుండును. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున మన దేశమునందలి అనేక విపణులలో ధర నిర్ణయించు పద్ధతి యిట్లుండెను. రైతు బండి కట్టుకొని పట్టణమునకు సరకు తెచ్చును. దళారియు కొనుగోలుదారుడును ఒకరి చేతిని ఒకరు పట్టుకొని, పైన కండువా కప్పుకొందురు. ఆ కండువా క్రింద వ్రేళ్లు నొక్కుటచే ధర సూచింపబడును. ఇన్ని వ్రేళ్లు నొక్కిన ఒక ధర, అన్ని వ్రేళ్లు నొక్కిన మరియొక ధర. రైతు ఆ ప్రక్కనే నిలువబడి కండువా వంక చూచుచుండును. సరకు తనది, శ్రమ తనది, అప్పు తనది. ధర మాత్రము తన కంటికి కనబడదు.

బేరము ముగిసిన పిమ్మట కోతలు మొదలగును. మచ్చు పేరిట దోసెడు గింజలు పోవును. తరుగు పేరిట కొంత, కాటా పేరిట కొంత, హమాలీ పేరిట కొంత, ధర్మాదాయము పేరిట మరికొంత పోవును. ఆ ధర్మము వలన కలిగిన పుణ్యము ఎవరి ఖాతాలో పడునో రైతు ఎరుగడు. తూకపు రాళ్లు వర్తకునివి. తూచువాడును వర్తకుని మనుష్యుడే. సొమ్మునకై రేపు రమ్మందురు, ఎల్లుండి రమ్మందురు.

శ్రోతలారా! అట్టి విపణిలో చట్టము లేదు, అధికారి లేడు, ప్రభుత్వ జోక్యము లేదు. పైకి చూచిన అది సంపూర్ణ స్వేచ్ఛ గల విపణి. కాని ఆ స్వేచ్ఛ ఎవరిది? కండువా క్రింద చేయి పెట్టగలవారిది మాత్రమే. బండిని వెనుకకు త్రిప్పుకొని పోవుటకు రైతునకు శక్తి లేదు. ఇంటివద్ద అప్పులవాడు కూర్చుండియుండును, పైన మబ్బు పట్టియుండును. నేను ఈ ప్రసంగమున మనవి చేయదలచినది ఒక్కటే. పోటీ తనంతట తాను నిలువదు. దానిని నియమములు నిలుపవలెను. ఆ నియమములు సరియైన పని చేయుచున్నవో లేవో ప్రజలు కనిపెట్టియుండవలెను.

పెట్టుబడిదారీ వ్యవస్థను సమర్థించువారు పోటీని గొప్పగా చెప్పుదురు. ఆ ప్రశంసలో సత్యము కలదు. ఇద్దరు వర్తకులు ఒకే వీధిలో అంగడి పెట్టినప్పుడు, ఒకడు కల్తీ చేసినచో గిరాకి రెండవవాని యొద్దకు పోవును. ఎవరును ఆజ్ఞాపింపకయే సరకు మెరుగగును, ధర దిగును. ఇది చిన్న విషయము కాదు. కాని ఈ మేలు ఊరక కలుగదు. కొనువారు పలువురుండవలెను, అమ్మువారును పలువురుండవలెను. ధర ఇరువురికిని తెలియవలెను. తూకము సరిగా ఉండవలెను. ఒప్పుకొన్న సొమ్ము చేతికి రావలెను. క్రొత్తవాడు వచ్చి అంగడి తెరువదలచినచో తలుపు తెరచియుండవలెను. వీనిలో ఏ ఒక్కటి లోపించినను పోటీ పేరునకే మిగులును. ఈ వ్యవస్థకు మూలపురుషుడుగా ఎన్నబడు ఆడమ్ స్మిత్ సైతము 1776లో ప్రకటించిన తన గ్రంథమున, ఒకే వ్యాపారము చేయువారు కూడబలుకుకొను స్వభావమును గూర్చి హెచ్చరించియే యుండెను.

ఈ ఎరుక మనకు క్రొత్తది కాదు. సరకును బిగబట్టి అధిక ధరకు అమ్మవలెనని కూడబలుకుకొన్న వర్తకులకు కౌటిల్యుని అర్థశాస్త్రము వేయి పణముల దండనము విధించినది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనమును మన చరిత్రకారులందరును ప్రస్తుతింతురు. అంతకుముందు తుపానునకు ఓడ పగిలి సరకు ఒడ్డునకు కొట్టుకొని వచ్చినయెడల, రాజులు దానిని స్వాధీనము చేసికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ అలవాటును మానిపించి, నిర్ణీతమైన సుంకము మాత్రమే తీసికొందునని శిలపై చెక్కించెను. సముద్ర వర్తకులు ధైర్యముగా ఆ రేవునకు వచ్చుటకు ఆ మాట కావలసియుండెను. నియమము ఇచ్చట వర్తకమును బంధింపలేదు. దానికి ప్రాణము పోసినది.

ఇక ఆధునిక కాలమునకు వత్తము. విద్యుత్తు రాకముందు మన పల్లెలలో ప్రతి సాయంకాలము వెలిగిన కిరసనాయిలు దీపమును తలచుకొనుడు. ఆ నూనె చరిత్రలోనే మన విషయమునకు గొప్ప దృష్టాంతమున్నది. అమెరికాలో 1870వ సంవత్సరమున జాన్ రాక్‌ఫెల్లరును అతని భాగస్వాములును ఒహాయో రాష్ట్రములో స్టాండర్డ్ ఆయిల్ అను సంస్థను స్థాపించిరి. సుమారు పది సంవత్సరములలో ఆ దేశమున శుద్ధియగు నూనెలో నూటికి తొంబది వంతులు దాని అధీనమునకు వచ్చెను. రాక్‌ఫెల్లరు దక్షుడు, మితవ్యయపరుడు. పీపాలను సైతము స్వయముగా చేయించుకొని ఖర్చు తగ్గించెను. ఇంతవరకు ఎవరును ఆక్షేపింప పనిలేదు.

కాని దక్షతతోపాటు మరియొక ఆయుధము కూడ పని చేసినది. రైల్వే కంపెనీలు అతని సరకునకు రహస్యముగా కిరాయి తగ్గించెడివి. 1872లో మరింత విచిత్రమైన పథకము బయటపడెను. దాని ప్రకారము తన సరకుపై రాయితీ మాత్రమే కాక, పోటీదారులు చెల్లించు కిరాయిలో కూడ అతని పక్షమువారికి వాటా ముట్టవలసియుండెను. అనగా పోటీదారుడు తన సరకును రైలు కెక్కించినప్పుడెల్ల తన శత్రువునకే కప్పము చెల్లించునన్నమాట! ప్రజాగ్రహము వలన ఆ పథకము ఆచరణకు రాకయే కూలిపోయినది గాని, రహస్య రాయితీలు సాగుచునే ఉండెను. చిన్న కర్మాగారములవారు ఒక్కొక్కరుగా అమ్ముకొని తప్పుకొనిరి. 1890లో షెర్మన్ చట్టము వచ్చెను. ఐడా టార్బెల్ అను పాత్రికేయురాలు ఆ సంస్థ చరిత్రను పరిశోధించి 1904లో గ్రంథముగా ప్రకటించెను. తుదకు 1911లో అమెరికా సుప్రీము కోర్టు తీర్పుతో ఆ సంస్థ 34 కంపెనీలుగా విడిపోయెను.

ఇచ్చట ఒక న్యాయమైన ప్రశ్న ఉదయించును. ఆ సంస్థ బలపడిన కాలములో కిరసనాయిలు ధర పెరుగలేదు, తగ్గినది. అట్లయినచో గృహస్థునకు కలిగిన నష్టమేమి? ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. దక్షత వలన ధర తగ్గినంతవరకు అది మేలే. కాని రహస్య రాయితీ వలన పోటీదారుడు నశించినప్పుడు, అతడు రేపు కనిపెట్టగల మెరుగైన పద్ధతి కూడ అతనితోనే నశించును. మిగిలినవాడు ధర తగ్గించినచో అది అతని దయ. దయ మీద ఆధారపడినవాడు గిరాకి కాడు, ఆశ్రితుడు. చట్టము ఓడినవానిని గెలిపింప బూనరాదు. పందెపు బాట అందరికిని ఒకే తీరుగా ఉన్నదా లేదా అని మాత్రమే చూడవలెను.

మరల మన కండువా బేరము వద్దకు వత్తము. దానికి విరుగుడు మన ప్రాంతములకు సమీపముననే ఆరంభమైనది. నిజాము రాజ్యమునకు చెందియు బ్రిటిషువారి పరిపాలనలో నుండిన బీరారులో, 1897లో ప్రత్తికిని ధాన్యమునకును విపణి చట్టము చేయబడెను. 1928లో లిన్‌లిత్‌గో అధ్యక్షతన వ్యవసాయ రాయల్ కమిషన్ ఇట్టి క్రమబద్ధమైన విపణులు దేశమంతటను ఏర్పడవలెనని సూచించెను. హైదరాబాదు సంస్థానమున 1930లోను, మద్రాసు రాష్ట్రమున 1933లోను చట్టములు వచ్చెను. రాష్ట్రావతరణానంతరము 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టము వచ్చినది. గుంటూరు మిర్చి యార్డు, నిజామాబాదు పసుపు విపణి, వరంగల్లు ఎనుమాముల విపణి మొదలైనవన్నియు ఈ మార్గమున పెరిగినవే. బహిరంగ వేలము, సరిచూచిన కాటా, పరిమితమైన కోతలు, చీటీ, సకాలమున చెల్లింపు: చట్టము కోరినవి ఇవియే. చెప్పుటకు చిన్నవి, కాని కండువాను తొలగించినవి ఇవి.

వర్జీనియా పొగాకు ఉదాహరణము మరింత స్పష్టమైనది. పొగాకు ఆరోగ్యమునకు హానికరమని మనమందరము ఎరుగుదుము. ఇచ్చట అమ్మకపు పద్ధతిని గూర్చి మాత్రమే ప్రసంగించుచున్నాను. 1975 నాటి చట్టము ననుసరించి 1976 జనవరిలో గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డు ఏర్పడినది. బోర్డు ఆధ్వర్యవమున వేలము 1984లో కర్ణాటకమునందును, 1985లో ఆంధ్రప్రదేశమునందును ప్రారంభమయ్యెను. అంతకుముందు రైతు వర్తకుని గిడ్డంగికి బేళ్లు తోలి, అతడు చెప్పిన గ్రేడునకు, అతడు చెప్పిన ధరకు తల యొగ్గవలసియుండెను.

గ్రామీణ కార్యక్రమమునకు శబ్దగ్రహణము చేయుటకై నేనొక పర్యాయము అట్టి వేలము కేంద్రమునకు పోయియుంటిని. ఒంగోలు, టంగుటూరు, కొండపి, ఆవల జంగారెడ్డిగూడెము, దేవరపల్లి వంటి చోట్ల అట్టి కేంద్రములున్నవి. వరుసలుగా బేళ్లు పేర్చియుండెను. కొనుగోలుదారులు ఒక్కొక్క బేలు వద్ద ఆగి, ఆకు లాగి చూచి, సాగిపోవుచుండిరి. నా ప్రక్కన నిలిచిన ఒక వృద్ధ రైతు తన బేలునకు పలికిన ధర విని తల అడ్డముగా ఊపి, “ఈ ధరకు ఇయ్యను, రాసుకోండి” అనెను. వ్రాసికొనిరి. అంతే. ఎవరును అతనిని గద్దింపలేదు. తరువాత ఆయన నాతో, “మా నాయన కాలంలో ఈ మాట అనడానికి లేదండీ” అనెను. నేను శబ్దగ్రహణ యంత్రమున పట్టి తెచ్చిన మాటలన్నిటిలోను ఆ ఒక్క మాటయే నాకు నేటికిని జ్ఞాపకమున్నది. వద్దనగల హక్కు లేనిచోట ఔననుట అంగీకారము కాజాలదు.

అయినను వేలము పాట ఉన్నంత మాత్రమున పోటీ ఉన్నదని భ్రమపడరాదు. పాటకు వచ్చువారు కొలదిమందియే అయినప్పుడు, వారు కూడబలుకుకొనకపోయినను ఒకరి మనస్సు ఒకరు ఎరిగి నెమ్మదింతురు. కొనువారు లేని బేలుపై ‘నోబిడ్’ అని వ్రాయబడును. రైతు దానిని ఇంటికి మోసికొని పోవలెను. 2020లో కరోనా కాలమున ధరలు క్రుంగినప్పుడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మార్క్‌ఫెడ్ సంస్థను వేలము కేంద్రములలో కొనుగోలుదారుగా ప్రవేశపెట్టెను. ఆ చర్యలోని ఆలోచన మనకు ముఖ్యము. ధర ఇంత ఉండవలెనని ఆజ్ఞాపించుట ఒక మార్గము. మరియొక కొనుగోలుదారుని పాటలో నిలుపుట వేరొక మార్గము. రెండవది పోటీని తొలగింపక, పోటీకే బలము చేకూర్చును.

ఇంతవరకు నియమము వలని మేలును చెప్పితిని. దాని వలన కలిగిన కీడును కూడ చెప్పకున్న మాట అసత్యమగును. 1951 నాటి పరిశ్రమల చట్టము ననుసరించి, కర్మాగారము పెట్టుటకును విస్తరించుటకును లైసెన్సు కావలసియుండెను. ఉద్దేశము మంచిదే, స్వల్పమైన వనరులు దుర్వినియోగము కారాదని. కాని ఫలితమేమి? లైసెన్సు దొరకినవానికి క్రొత్త పోటీదారుని భయము లేకపోయెను. స్కూటరునకు పేరు వ్రాయించి, సంవత్సరముల తరబడి ఎదురుచూచిన కుటుంబములు మన శ్రోతలలో ఎన్నియో ఉండును. గుత్తాధిపత్యమును అరికట్టుటకు 1969లో ఒక చట్టము చేసిన ప్రభుత్వమే, లైసెన్సుల వలన గుత్తలను పెంచుచుండెను. 1991 సంస్కరణలతో ఆ కట్టడిలో చాల భాగము తొలగినది. విపణి యార్డులలో సైతము ఇట్టి దోషము కనబడినది. లైసెన్సు గల వర్తకులు కొలదిమందియై, క్రొత్తవారికి అంగడి దొరకనిచోట, రైతును రక్షించుటకు కట్టిన ప్రహరీగోడ వర్తకుని రక్షించు కోటగా మారినది.

ఈ గోడను గూర్చియే 2020లో దేశమున గొప్ప వివాదము చెలరేగెను. యార్డుల వెలుపల కొనుగోళ్లకు అవకాశమిచ్చు చట్టమును, తత్సంబంధమైన మరి రెండు చట్టములును పార్లమెంటు ఆమోదించెను. గోడ తొలగినచో క్రొత్త కొనుగోలుదారులు వత్తురని ఒక పక్షమువారు వాదించిరి. గోడతోపాటు కాటా, చీటీ, చెల్లింపు హామీ కూడ పోవునని రెండవ పక్షమువారు భయపడిరి. 2021లో ఆ చట్టములు రద్దయ్యెను. వాదము మాత్రము ముగియలేదు. ఆ రెండు మాటలలోను నిజమున్నదని నా మనవి. గోడకు ద్వారములు పెంచవలెను. లోపలి కాటాను మాత్రము కదలింపరాదు. 2016లో ఆరంభమైన ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ విపణి, దూర పట్టణముల వర్తకులను కూడ పాటలోనికి పిలుచుటకు చేసిన యత్నము.

కావున ఏ నియమమును గూర్చి విన్నను మనము వేసికొనవలసిన ప్రశ్న యిది: ఈ నియమము క్రొత్తవానికి తలుపు తెరచునా, మూయునా? ధరను వెలుగులోనికి తెచ్చునా, చాటున ఉంచునా? తలుపు తెరచి దీపము పెట్టునది మంచి నియమము. తలుపు మూసి తాళపుచెవిని కొందరి చేతికిచ్చునది, ఎంతటి సదుద్దేశముతో చేసినను, చెడ్డ నియమమే.

నేటి మన పోటీ చట్టము 2002 నాటిది. 1969 నాటి చట్టము స్థానమున వచ్చిన ఈ చట్టము, సంస్థ పెద్దదా చిన్నదా అని కాక, అది తన బలమును ఎట్లు వినియోగించుచున్నదని ప్రశ్నించును. దీనిని అమలుపరచు కమిషన్ 2012లో, ప్రముఖ సిమెంటు కంపెనీలు కూడబలుకుకొన్నవని నిర్ణయించి, మొత్తము 6,000 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించెను. ఆ వ్యవహారము అప్పీళ్లలో సంవత్సరముల తరబడి నడచినది. 2022లో సెల్‌ఫోనుల విషయమున గూగుల్ సంస్థకు 1,337 కోట్ల జరిమానా విధించెను. 2023లో అప్పీలు ట్రిబ్యునల్ ఆ జరిమానాను నిలిపి, కమిషన్ విధించిన షరతులలో కొన్నింటిని కొట్టివేసెను. ఇట్టి జాప్యములను చూచి చట్టము వ్యర్థమనరాదు. న్యాయవిచారణ లేని దండనము కూడ ప్రమాదమే. కాని పదేండ్లకు వచ్చు న్యాయము మూతపడిన చిన్న అంగడిని తెరువజాలదనుట కూడ సత్యమే.

ఈనాడు చాల వర్తకము కంప్యూటరు తెరపై సాగుచున్నది. తెర వెలుగుచుండుటచే అంతయు కనబడుచున్నదని మనము అనుకొందుము. ఏ సరకు ముందు చూపవలెను, ఏ అంగడిని అడుగున పడవేయవలెను అను లెక్క మాత్రము మనకు కనబడదు. సంత నడుపువాడే సంతలో తన దుకాణము కూడ పెట్టినప్పుడు, ఆ లెక్కను అడిగి చూచువారు ఎవరైన ఉండవలెను. కండువా మారినది గాని, దాని క్రింది చేయి మారలేదు.

తుదకు గృహస్థులమైన మన వంతు కూడ కొంత కలదు. వీశెలు, మణుగులు, కుంచములు ఊరికొక తీరుగా ఉండిన కాలము గడచినది. 1956 నాటి చట్టముతో దేశమంతటికిని ఒకే కొలమానము వచ్చినది. పొట్లముపై నికర తూకము, గరిష్ఠ ధర ముద్రింపవలెనను నియమములు వచ్చినవి. వానిని చదువక సంచిలో వేసికొనువారికి ఆ అక్షరములేమి మేలు చేయును? కాటా ముల్లు చూచుట, రసీదు అడుగుట, తక్కువైనచో మర్యాదగా ప్రశ్నించుట: ఇవి పిసినితనము కావు, పౌరధర్మము. మనము అడుగుట మానిన నాడు నియమము పుస్తకములోనే నిద్రించును.

ఆ వృద్ధ రైతు నోట వెలువడిన “ఇయ్యను” అను మాట వెనుక దాదాపు నూరేండ్ల చట్టములు, కమిషనులు, వాదములు ఉన్నవి. అతడు అవి చదివియుండడు. చదువ నవసరమును లేదు. అతనికి ధర కనబడినది, కాదనుటకు చోటు దొరకినది. స్వేచ్ఛగల విపణి అని దేనినైన పిలువదలచినచో, అట్టి చోటునే పిలువవలెను.